రెండు పట్టికల మధ్య పిల్లవాడు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతంలో ప్రత్యేక విద్య కోసం సాగిన వాదన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వైకల్యం ఉన్న పిల్లవాడిని ఏ బడిలో కూర్చోబెట్టాలి, అక్కడ అతనికి ఏ సహాయం అందాలి అన్న ప్రశ్నను నేడు చట్టపరమైన హక్కుగా అడుగుతున్నారు. అదే ప్రశ్న ఒకప్పుడు పాలనా పత్రాల్లో ఎక్కడా కనిపించదు. 19వ శతాబ్దపు బడుల లెక్కలు, జనగణనలోని వైకల్యాల లెక్కలు వేర్వేరు పట్టికలుగా నడిచాయి. అవి ఒకదానినొకటి చేరడానికి శతాబ్దానికి పైగా పట్టింది. పశ్చిమ డెల్టా, కొల్లేటి లంకల భౌగోళిక, పరిపాలనా పరిస్థితుల నేపథ్యంలో ఆ ప్రయాణాన్ని, అందులో తల్లిదండ్రుల అర్జీకి దక్కిన స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సహిత విద్య, భవిత కేంద్రం, సదరం, కొల్లేటి లంకలు, ఏలూరు, తాడేపల్లిగూడెం, గృహ ఆధారిత విద్య, అర్జీ.

1. ప్రస్తావన

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయిన తరువాత గోదావరి పశ్చిమ డెల్టాలో కాలువ నీటితోపాటు వ్యవసాయం, వ్యాపారం, వాటి వెనుకనే బడులు విస్తరించాయి. ఈ ప్రాంత విద్యాచరిత్రను రాసినవారు సాధారణంగా మిషనరీ పాఠశాలలు, బోర్డు హైస్కూళ్లు, 1945లో ఏలూరులో వెలసిన సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల, 2015లో తాడేపల్లిగూడేనికి వచ్చిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అనే మెట్ల వరుసలో చెబుతారు. ఆ వరుసలో తప్పు లేదు. అయితే అది బడిలోకి వచ్చినవారి చరిత్ర. చూపు, వినికిడి, కదలిక, బుద్ధివికాసం వంటి విషయాల్లో తేడా ఉన్న పిల్లవాడు ఆ మెట్ల దగ్గరికి ఎప్పుడు వచ్చాడు, వచ్చినప్పుడు ఎవరు మాట్లాడారు, ఎవరితో మాట్లాడారు అన్నది వేరే చరిత్ర.

ఇక్కడ వాడుకలోని మాటల సంగతి కొంత చెప్పుకోవాలి. పల్లెల్లో పిల్లల పేర్లకు ముందు వైకల్యాన్ని తగిలించి పిలిచే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ప్రభుత్వ భాషలో మాత్రం ‘అంగవికలురు’, ‘వికలాంగులు’, ‘విభిన్న ప్రతిభావంతులు’, ‘దివ్యాంగులు’ అని పేర్లు మారుతూ వచ్చాయి. విద్యాశాఖ ‘ప్రత్యేక అవసరాలు గల పిల్లలు’ అంటుంది. ఈ పేర్లన్నిటిలో విద్యాశాఖ మాటకే ఒక పని ఉంది. అవసరం అన్నప్పుడు దానిని తీర్చవలసినవారు ఎవరన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. మిగిలిన పేర్లు గౌరవాన్ని పెంచి ఉండవచ్చు గాని ఎవరిమీదా బాధ్యత పెట్టవు.

2. లెక్కలో లేని పిల్లలు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధానిలోని దేశీయ పాఠశాలల లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. వచ్చిన నివేదికలను 1826లో క్రోడీకరించారు. రాజమహేంద్రవరం, మచిలీపట్నం కలెక్టరేట్ల కింద ఉన్న నేటి ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతం కూడా ఆ లెక్కలోకి వచ్చింది. విద్యార్థులను కులాన్నిబట్టి, మతాన్నిబట్టి, ఆడ మగ అన్న భేదాన్నిబట్టి పట్టికల్లో చూపారు. శరీరంలోనో బుద్ధిలోనో లోపం ఉన్న పిల్లలకు ఆ పట్టికలో గడి లేదు. గడి లేదు గనుక వారు వీధిబడికి వెళ్లలేదని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. ఇసుకలో అక్షరాలు దిద్దించే వీధిబడిలో తరగతుల గోడ లేదు. పిల్లలు ఎవరి వేగంతో వారు నేర్చుకొనేవారు. కాలు లేని పిల్లవాడు అరుగు మీద కూర్చొని చదువుకోవడానికి అక్కడ అడ్డు లేదు. చెవిటి పిల్లవాడికి మాత్రం, నోటితో వల్లెవేయించే ఆ బడిలో చోటు దొరికి ఉంటుందని అనుకోవడం కష్టం.

రెండవ పట్టిక జనగణనది. 1872 నుంచి 1931 వరకు జరిగిన గణనల్లో మతిస్థిమితం లేనివారు, చెవిటి మూగవారు, అంధులు, కుష్ఠువ్యాధిగ్రస్తులు అన్న నాలుగు తరగతులను లెక్కించారు. ఎదుగుదలలో బుద్ధి వెనుకబడిన పిల్లవాడు ఈ నాలుగింటిలో ‘మతిస్థిమితం లేనివాడు’ అన్న గడిలోకే పోవలసి వచ్చింది. వ్యాధికీ, వికాసంలోని తేడాకూ మధ్య గీత గీయని ఆ లెక్క పర్యవసానం చాలాకాలం నిలిచింది. పిల్లవాడికి కావలసినది వైద్యమా, బోధనా అన్న సందేహం వచ్చినప్పుడల్లా జవాబు వైద్యం వైపే మొగ్గింది.

మన్రో నాటి పట్టికలో వైకల్యం లేదు. జనగణన పట్టికలో బడి లేదు. ఈ రెండూ ఒకే రెవిన్యూ యంత్రాంగం చేతుల మీదుగా నడిచినా ఒకదాని ప్రశ్న మరొకదానికి తట్టలేదు. ఈలోగా దేశంలో ప్రత్యేక పాఠశాలలు అక్కడక్కడ మొదలయ్యాయి. బొంబాయిలో 1885లో బధిరుల పాఠశాల, అమృతసర్‌లో 1887లో ఆనీ షార్ప్ స్థాపించిన అంధుల పాఠశాల, కలకత్తాలో 1893లో మూగ చెవిటివారి పాఠశాల వెలిశాయి. మద్రాసు రాజధానిలో పాలయంకోట మిషనరీల కృషికి కేంద్రమయింది. ఏలూరు తల్లికి పాలయంకోట ఎంత దూరమో రైలుపటంలో చూస్తే తెలుస్తుంది. పైగా అక్కడ బోధన తమిళంలో. పిల్లవాడిని చదివించాలంటే అతని భాషను, ఇంటిని కలిపి వదులుకోవాలన్న షరతు ప్రత్యేక విద్య పుట్టుకతోనే వచ్చింది. ఈ షరతుతో పెనుగులాట రాష్ట్రాలు మారినా, శతాబ్దం మారినా సాగుతూనే ఉంది.

1941 గణన నుంచి వైకల్యాల ప్రశ్నను తొలగించారు. స్వతంత్ర భారతదేశం మొదటి మూడు గణనల్లో ఆ పిల్లలు ఏ పట్టికలోనూ లేరు.

3. సాకుగా రాసిన లోపం

1944 నాటి సార్జెంట్ నివేదిక వికలాంగుల చదువును ప్రభుత్వం తన విద్యావ్యవస్థలో భాగం చేసుకోవాలని చెప్పింది. రాజ్యాంగం 45వ అధికరణం పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రయత్నించాలని నిర్దేశించింది. ‘అందరికీ’ అన్న మాట అక్కడ స్పష్టంగా ఉంది. కాని ఆ ఆదేశాన్ని అమలుచేయడానికి వచ్చిన నిర్బంధ విద్యాచట్టాల్లో వేరే స్వరం వినిపిస్తుంది. 1960 నాటి ఢిల్లీ ప్రాథమిక విద్యాచట్టం ప్రకారం, హాజరుకు ఆటంకమైన శారీరక, మానసిక లోపం పిల్లవాడిని బడికి పంపకపోవడానికి తగిన సాకు. ఇది కుటుంబాన్ని శిక్షనుంచి కాపాడడానికి రాసిన మినహాయింపు. రాసినవారి ఉద్దేశంలో దయ ఉంది. ఆచరణలో మాత్రం ఆ దయ ప్రభుత్వాన్నే బాధ్యతనుంచి తప్పించింది. పిల్లవాడు బడికి రాకపోవడం చట్టబద్ధమయ్యాక, అతన్ని చేర్చుకోవడానికి ఏర్పాట్లు చేయవలసిన అగత్యం ఎవరికీ మిగలలేదు.

కొఠారీ కమిషన్ 1966లో ఇచ్చిన నివేదికలో వికలాంగుల విద్యను మానవతా దృష్టితోనే కాక, వారు సమాజానికి ఉపయోగపడే పౌరులు కావడానికి అవసరమైన పనిగా చూడాలని చెప్పింది. సాధ్యమైనంతమందిని సాధారణ పాఠశాలల్లోనే చదివించాలని సూచించింది. 1974లో కేంద్రం వికలాంగ బాలల సమైక్య విద్యాపథకాన్ని ప్రారంభించింది. పుస్తకాలకు, ఏకరూప దుస్తులకు, రవాణాకు, అంధ విద్యార్థికి చదివి వినిపించే మనిషికి, పిల్లవాడిని బడికి తీసుకువచ్చే తోడు మనిషికి భత్యాలను ఆ పథకం గుర్తించింది. తోడు మనిషి భత్యం చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని బిడ్డను ఎత్తుకొని బడికి తెచ్చే తల్లి ఆ పూట కూలి పోగొట్టుకుంటుందన్న సంగతిని ప్రభుత్వ పత్రం గుర్తించిన సందర్భం అది.

అదే 1974 ఫిబ్రవరిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలయింది. వాల్తేరు నుంచి తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా హైదరాబాదు చేరే ఆ రైలు ఈ చరిత్రలో పథకంకంటె తక్కువ పాత్ర వహించలేదు. హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లోనే పని మొదలుపెట్టింది. 1984లో సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. బుద్ధివికాసంలో వెనుకబడిన పిల్లవాడికి పరీక్ష చేయించి, ఏ పనులు నేర్పగలమో చెప్పించుకోవాలంటే డెల్టా కుటుంబానికి దారి ఆ రైలే. మద్రాసులోని విజయ్ హ్యూమన్ సర్వీసెస్ తయారుచేసిన 18 అంశాల, 360 నైపుణ్యాల అంచనా పట్టిక వంటివి ఆనాటి ప్రత్యేక ఉపాధ్యాయులకు ఆధారం. తిండి తినడం, బట్టలు తొడుక్కోవడం, డబ్బు లెక్కపెట్టడం వంటి పనులను చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి నేర్పే ఆ పద్ధతిలో తల్లి కూడా బోధకురాలే. ఒక ప్రయాణంలో నేర్చుకొన్న దానిని ఇంట్లో ఏడాదిపాటు నడపవలసిన బాధ్యత ఆమెదే అయింది.

4. అక్షరాస్యత తెచ్చిన ఆలస్యం

పశ్చిమ గోదావరి జిల్లా 1925లో కృష్ణాజిల్లానుంచి విడివడి ఏలూరు ముఖ్యపట్టణంగా ఏర్పడింది. అక్షరాస్యతలో, ముఖ్యంగా స్త్రీల అక్షరాస్యతలో, ఆంధ్రప్రదేశ్‌లో ముందువరుసలో నిలిచిన జిల్లా ఇది. ఆ కీర్తి ప్రత్యేక విద్య విషయంలో ప్రతికూలంగా పరిణమించిన తీరు ఆలోచించదగినది.

1990లలో ప్రాథమిక విద్యకు వచ్చిన పెద్ద కార్యక్రమం జిల్లా ప్రాథమిక విద్యాపథకం, అంటే డీపెప్. స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటుకంటె తక్కువగా ఉన్న జిల్లాలను దీనికి ఎంచుకొన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో తొలిదశలో విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్ జిల్లాలు, రెండవ దశలో మరో 14 జిల్లాలు చేరాయి. ఉభయ గోదావరులు, కృష్ణా, హైదరాబాదు మాత్రం బయట మిగిలాయి. 1997 నుంచి డీపెప్‌లో వికలాంగ బాలల సమైక్య విద్య ఒక అంగమయింది. వైకల్యాలను గుర్తించే సర్వేలు, ఉపాధ్యాయులకు శిక్షణ, ఉపకరణాల పంపిణీ డీపెప్ జిల్లాల్లో మొదలయ్యాయి. స్త్రీల అక్షరాస్యత ఎక్కువగా ఉన్న జిల్లాలో చెవిటి పిల్లవాడికి కూడా చదువు అందుతూనే ఉంటుందని ఎవరూ అనలేదు. కాని ఎంపిక సూత్రం ఆ అర్థాన్నే ఆచరణలో పెట్టింది. సగటు మంచిదైన చోట సగటుకు అందనివారు కనిపించరు.

కొల్లేరు విషయంలో ఇది మరింత స్పష్టం. సరస్సుకు ఉత్తర, తూర్పు గ్రామాలు పశ్చిమ గోదావరిలో, కైకలూరు, మండవల్లి వైపు గ్రామాలు కృష్ణాజిల్లాలో ఉండేవి. రెండూ కలిగిన జిల్లాలే, రెండూ డీపెప్ వెలుపలివే. చేపలవేట మీద బతికే వడ్డి కుటుంబాల లంకలు రెండు సంపన్న జిల్లాల అంచుల్లో, రెండింటి సగటుల కింద దాగి ఉన్నాయి.

2001లో వచ్చిన సర్వశిక్షా అభియాన్ ఈ స్థితిని మార్చింది. అన్ని జిల్లాలకు వర్తించిన ఆ పథకం ఏ పిల్లవాడినీ తిరస్కరించరాదన్న సూత్రాన్ని ప్రకటించింది. ప్రత్యేక అవసరాలు గల ఒక్కొక్క పిల్లవాడికి ఏడాదికి 1,200 రూపాయల వరకు ఖర్చుచేయడానికి అవకాశం ఇచ్చింది. అదే ఏడాది జనగణనలో వైకల్యాల ప్రశ్న పూర్తి రూపంలో తిరిగి వచ్చింది. 1981లో అది ఒకసారి వచ్చి పూర్తి అంధులు, పూర్తి మూగవారు, పూర్తి అవిటివారు అన్న మూడు తరగతులనే లెక్కించింది. 1991లో మళ్లీ మాయమయింది. 2001లో చూపు, మాట, వినికిడి, కదలిక, మానసికం అన్న అయిదు తరగతుల కింద దేశంలో 2.19 కోట్లమందిని లెక్కించారు. 2011లో తరగతులు ఎనిమిదయ్యాయి, సంఖ్య 2.68 కోట్లయింది. పాఠశాలల సమాచార పత్రాల్లో కూడా వైకల్యం ఉన్న విద్యార్థులకు గడులు వచ్చాయి. మన్రో నాటినుంచి వేరుగా నడిచిన రెండు పట్టికలు కలిసిన చోటు ఇది.

5. భవిత, సదరం

ఆంధ్రప్రదేశ్‌లో సర్వశిక్షా అభియాన్ కింద సహిత విద్యకు మండలస్థాయిలో ఏర్పడిన రూపం భవిత కేంద్రం. ఏదో ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలో ఒకటి రెండు గదులు, ఒప్పంద పద్ధతిపై నియమితులైన కొద్దిమంది ప్రత్యేక ఉపాధ్యాయులు, కొన్ని ఆటవస్తువులు, కదలిక వ్యాయామాలకు పరికరాలు, నిర్ణీత రోజుల్లో వచ్చే ఫిజియోథెరపిస్టు – ఇదీ దాని స్వరూపం. సాధారణ బడికి సిద్ధంకావలసిన పిల్లలు ఇక్కడ కొంతకాలం శిక్షణ పొంది తమ ఊరి బడికి వెళ్లాలన్నది ఉద్దేశం. కదలలేని పిల్లల ఇళ్లకు అదే ఉపాధ్యాయులు వెళ్లి గృహ ఆధారిత విద్య అందించాలి. మండలంలోని బడులన్నీ తిరిగి సాధారణ ఉపాధ్యాయులకు సలహా ఇవ్వాలి. సర్వేలు చేయాలి, ఉపకరణాల శిబిరాలకు పిల్లలను తీసుకువెళ్లాలి. ఇన్ని పనులు ఒకరిద్దరి మీద మోపిన వ్యవస్థ ఎక్కడ కుంగుతుందో ఊహించడం కష్టం కాదు. కేంద్రంలో కూర్చుంటే ఇళ్లు చూసేవారు ఉండరు. ఇళ్లు తిరిగితే కేంద్రం తలుపు తీసేవారు ఉండరు.

రెండవ ఏర్పాటు సదరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంలో వైకల్య నిర్ధారణను కంప్యూటరీకరించి, వైద్యశిబిరంలో పరీక్షించి శాతంతోసహా ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ఇది. అంతకుముందు ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క కాగితం తిప్పవలసిన కుటుంబానికి ఇది మేలే చేసింది. అయితే ఈ పత్రానికి ప్రధానమైన గిరాకీ పింఛను వల్ల ఏర్పడింది. 2024 జూలైనుంచి వికలాంగుల పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగినప్పుడు ఆ గిరాకీ మరింత పెరిగింది. పింఛనుకు కావలసింది ఒక అంకె: 40 శాతం దాటిందా లేదా. చదువుకు కావలసింది అంకె కాదు. పిల్లవాడు ఎంత దూరంలోని నల్లబల్లను చూడగలడు, ఒక మాటను ఎన్నిసార్లు చెబితే పట్టుకోగలడు, పెన్సిలు పట్టగలడా, మరుగుదొడ్డికి ఎవరి సాయం కావాలి అన్నవి ఉపాధ్యాయునికి తెలియాలి. వైద్యుడి పత్రం వీటిలో దేనినీ చెప్పదు. చెప్పమని దానిని ఎవరూ అడగలేదు.

ఇక్కడ చట్టంలో ఒక సూక్ష్మం ఉంది. అర్జీ రాసేవారు దాన్ని తరచుగా జారవిడుస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో 31వ సెక్షన్, 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్యాహక్కు ఇస్తూ, అది ఇంటికి దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్న ఎంపికను పిల్లవాడికే వదిలింది. 16వ సెక్షన్ మాత్రం శాతంతో పనిలేకుండా వైకల్యం ఉన్న పిల్లలందరికీ వర్తిస్తుంది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, అవసరానికి తగిన సదుపాయం కల్పించడం, వ్యక్తిగతంగా తోడ్పాటు ఇవ్వడం విద్యాసంస్థల విధి అని అది చెబుతుంది. 35 శాతం పత్రం వచ్చిందని పింఛను ఆగవచ్చు. బడిలో సహాయం ఆగడానికి మాత్రం ఆ అంకె కారణం కాజాలదు. చదవడంలో, రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్న పిల్లలకు ఈ భేదం చాలా ముఖ్యం. ‘మొద్దు’ అన్న పేరుతో బెంచీ చివర కూర్చొన్న ఆ పిల్లలు 2016 దాకా ఏ చట్టపు పట్టికలోనూ లేరు.

6. నీటి మధ్య దూరం

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు, అనేక కాలువలు, మురుగు డ్రెయిన్లు చేరతాయి. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. అందుచేత పైన ఎక్కడ వానపడినా లంకల్లో నీరు నిలుస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో అయిదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను కొట్టివేశారు. పర్యావరణ దృష్టిలో దాని మంచిచెడ్డలు వేరే చర్చ. చెరువులమీద ఆధారపడిన కూలి కుటుంబాలు పనివెతుక్కొంటూ కదిలినప్పుడు బడి హాజరుపట్టీలో మొదట చెదిరే పేర్లలో తోడు లేకుండా బడికి రాలేని పిల్లల పేర్లు ఉంటాయన్నది మాత్రం ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

లంకలో పుట్టిన పిల్లవాడికి భవిత కేంద్రం మండల కేంద్రంలో ఉంటుంది. సాధారణ విద్యార్థి ఆటోలోనో సైకిలుమీదనో గట్టుదాటి వెళ్లగలడు. మెదడు పక్షవాతంతో మెడ నిలపలేని పిల్లవాడిని తల్లి చంకనెత్తుకొని, దారి మునిగిన రోజుల్లో పడవలో కూర్చొని తీసుకువెళ్లాలి. ఒకప్పుడు ఈ ప్రాంతమంతటా తాటిదోనెలే వాహనాలు. రోడ్లు వచ్చాక వాటి అవసరం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరే తరువాత కొల్లేటికి చేరి లంకగ్రామాల దారులను ముంచింది. అటువంటి రోజుల్లో రవాణా భత్యం అన్న మాటకు అర్థం లేదు. బ్యాంకులో పడే ఆ మొత్తంతో దాటడానికి దారే ఉండదు.

ఈ దూరమే గృహ ఆధారిత విద్యను ఇక్కడ సున్నితమైన ప్రశ్నగా చేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ తీవ్రవైకల్యం, బహుళవైకల్యం ఉన్న పిల్లలు ఇంటివద్ద చదువును ఎంచుకోవచ్చునని చెప్పింది. ఎంచుకొనే హక్కు పిల్లవాడిది. ఆచరణలో ఆ ఎంపికను దూరం చేస్తుంది, ర్యాంపు లేని బడిగుమ్మం చేస్తుంది, మరుగుదొడ్డి చేస్తుంది. హాజరుపట్టీలో పేరు, దాని పక్కన ‘గృహ ఆధారితం’ అన్న గుర్తు పడగానే లెక్కప్రకారం బడి వెలుపల ఎవరూ లేరు. ఇంటికి ఉపాధ్యాయుడు వచ్చిన రోజులు ఎన్ని అన్నది మరొక గడి. రెండు పట్టికలు కలిసిన తరువాత పుట్టిన కొత్త కనుమరుగు ఇది: పూర్వం పిల్లవాడు లెక్కలో లేక కనిపించలేదు; ఇప్పుడు లెక్కలో ఉండటంచేతనే కనిపించకపోయే ప్రమాదం ఉంది.

ఈ సందర్భంలో 2022 జూన్ నాటి 117వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వును కూడా చెప్పుకోవాలి. 3, 4, 5 తరగతులను ప్రాథమిక పాఠశాలలనుంచి ఉన్నత పాఠశాలలకు తరలించే ఆ విధానం విషయనిపుణుల బోధన కోసమని చెప్పారు. ఊరిబడిలో మూడోతరగతికి వచ్చిన పిల్లవాడు కాలువ దాటి వెళ్లాల్సివస్తే ఏమవుతుందో లంకలవారు చెప్పనక్కరలేదు. కదలికలో ఇబ్బంది ఉన్న పిల్లవాడికి ‘దగ్గరి బడి’ అన్న చట్టపు మాట ఒక్క ఉత్తర్వుతో దూరమయింది. 2025లో ఆ ఉత్తర్వును రద్దుచేశారు.

7. అర్జీలోని భాష

తల్లిదండ్రులు ఎవరితో వాదించారన్నది కాలాన్నిబట్టి మారింది. మొదట ప్రధానోపాధ్యాయునితో. ఆయన కాదంటే పైన అడిగే చోటు లేదు. గోదావరి జిల్లాల మర్యాద ప్రకారం ‘మాస్టారండీ, ఓ మూల కూర్చుంటాడండీ, ఎవరికీ ఇబ్బంది పెట్టడండీ’ అన్న ధోరణిలో బతిమాలడమే ఆ వాదన రూపం. పిల్లవాడు ఎవరికీ కనిపించకుండా ఉంటాడన్న హామీ ఇచ్చి ప్రవేశం సంపాదించడం అది. సహాయం అడగడమనేది ఆ బేరంలోకే రాదు. చేర్చుకోవడమే ఉపకారమైనప్పుడు ఇంకా ఏమి అడుగుతారు?

రాతపూర్వకమైన అర్జీది మరో సంప్రదాయం. పాత అర్జీలు ‘మ.రా.రా.శ్రీ కలెక్టరు దొరవారి దివ్యసముఖమునకు’ అని మొదలై, దయతో చిత్తగించవలెనని ముగిసేవి. అర్జీదారు తన దైన్యాన్ని ఎంత బాగా చెబితే అంత ఫలితం. వైకల్యం ఉన్న బిడ్డ విషయంలో ఆ సంప్రదాయం ఎక్కువకాలం నిలవడంలో ఆశ్చర్యం లేదు. 1995 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల చట్టం 26వ సెక్షన్‌లో 18 ఏళ్ల వరకు అనువైన వాతావరణంలో ఉచిత విద్య అందేలా చూడాలని ప్రభుత్వాలకు చెప్పింది. బుద్ధివైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రుల సంఘాల జాతీయ సమాఖ్య ‘పరివార్’ కూడా 1995లోనే ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు, ఇందిరా క్రాంతి పథం కార్యక్రమాల కింద పొదుపు సంఘాలతోపాటు వికలాంగుల సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. సంఘంలో తీర్మానం రాయడం, మండలానికి వెళ్లి అధికారి ముందు కూర్చొని మాట్లాడటం అలవడిన స్త్రీలు బిడ్డ బడి విషయంలోనూ ఆ అలవాటును వాడుకోగలిగారు. దైన్యం స్థానంలో ‘ఫలానా సెక్షన్ ప్రకారం కోరుతున్నాను’ అన్న వాక్యం అర్జీలోకి రావడానికి చట్టం ఒక్కటే చాలలేదు. ఆ వాక్యాన్ని నిలబడి చదవగలిగిన మనిషి కూడా తయారుకావాలి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇదే వాదనను మరో చట్టం కింద చేస్తున్నాయి. అక్కడ 1975 నాటి శాసనం ప్రతి పిల్లవాడికి వ్యక్తిగత విద్యాప్రణాళికను తప్పనిసరి చేసింది. దాన్ని తయారుచేసే సమావేశంలో తల్లిదండ్రులు సభ్యులు. ఏ తరగతి గదిలో ఎంతసేపు, మాట చికిత్స వారానికి ఎన్ని నిమిషాలు అన్నవి కాగితం మీద ఉంటాయి. ఒప్పుకోకపోతే విచారణ కోరవచ్చు. మన సహిత విద్యలోనూ వ్యక్తిగత విద్యాప్రణాళిక ఉంది; అది ఉపాధ్యాయుని దస్త్రంలో ఉంటుంది. తల్లి దాన్ని చూసి సంతకం చేసే ఆచారం ఏర్పడలేదు. అందువల్ల ఇక్కడ వాదన సమావేశంలో కాక సోమవారంనాడు కలెక్టరు కార్యాలయం వద్ద అర్జీల వరుసలో జరుగుతుంది. ఆ వరుసలోని అర్జీల్లో భూమి తగాదాలు, రేషన్ కార్డులు, పింఛన్లు ఎక్కువ.

ఆ వరుస ఉండే ఊరు కూడా మారింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు ఏలూరు ముఖ్యపట్టణంగా ఏలూరు జిల్లా, భీమవరం ముఖ్యపట్టణంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడ్డాయి. తాడేపల్లిగూడెం కుటుంబం తరతరాలుగా ఏలూరుకు తీసుకువెళ్లిన దస్త్రాన్ని ఇప్పుడు భీమవరానికి తీసుకువెళ్లాలి. కైకలూరు, మండవల్లి వారికి మచిలీపట్నం బదులు ఏలూరు వచ్చింది. ఒకే సరస్సు ఒడ్డున ఉన్న లంకల్లో అత్యధికభాగం ఒకే జిల్లా విద్యాశాఖ కిందికి వచ్చింది. కొల్లేటి పిల్లల అవసరాలను ఒకే ప్రణాళికగా ఆలోచించడానికి ఇది అవకాశం. పాత జిల్లాల రికార్డులు విడిపోయే సమయంలో పిల్లల వివరాలు రెండింటిలో దేనికీ చెందకుండా పోకుండా చూసుకోవడం దానికి ముందుపని.

ప్రైవేటు బడుల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. 2012 సవరణ వైకల్యం ఉన్న పిల్లలను ‘ప్రతికూల పరిస్థితుల్లోని వర్గం’లో చేర్చడంతో ప్రైవేటు పాఠశాలల ఒకటో తరగతిలోని 25 శాతం ఉచిత సీట్లకు వారు అర్హులయ్యారు. ఆంధ్రప్రదేశ్ ఆ 25లో 5 శాతాన్ని అనాథలు, హెచ్‌ఐవి బాధిత పిల్లలు, వికలాంగ పిల్లలకు కలిపి కేటాయించింది. సీటు చట్టం ఇచ్చింది. ఆ బడిలో ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉంటాడా అన్న ప్రశ్నకు మాత్రం సీట్ల కేటాయింపు జవాబు చెప్పదు.

8. ఉపాధ్యాయుని ప్రశ్న

ప్రవేశం తరువాత నిలిచిన ప్రశ్న బోధించే మనిషిది. సర్వోన్నత న్యాయస్థానం 2021 అక్టోబరు 28న రజనీష్ కుమార్ పాండే కేసులో దీనికి సంఖ్యలు చెప్పింది. మెదడు పక్షవాతం ఉన్న పిల్లలు 8 మందికి ఒకరు, బుద్ధివైకల్యం, ఆటిజం, అభ్యసన వైకల్యం ఉన్నవారు 5గురికి ఒకరు, బధిరాంధత వంటి బహుళవైకల్యాలవారు ఇద్దరికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలన్నది ఆ ఆదేశంలోని ప్రమాణం. 2022లో కేంద్రం నోటిఫై చేసిన నిష్పత్తి దీనికంటె సడలింది: ప్రాథమిక తరగతుల్లో 10 మందికి ఒకరు, 6 నుంచి 8 తరగతుల్లో 15 మందికి ఒకరు. 2025 మార్చిలో న్యాయస్థానం రాష్ట్రాలన్నీ ఈ పోస్టులను మంజూరుచేసి ప్రకటించాలని మళ్లీ ఆదేశించింది. ఆ ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులను మంజూరుచేసింది. ఈ కేసు న్యాయస్థానానికి వెళ్లింది తల్లిదండ్రుల ద్వారా కాదు, ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయుల ద్వారా అన్నది గమనించాలి. ఒప్పంద ఉద్యోగి భద్రత, పిల్లవాడి హక్కు ఒకే వ్యాజ్యంలో కలిశాయి.

రాష్ట్రంలోని మండలాల సంఖ్యతో పోల్చితే 2,260 తక్కువ కాదు. అయినా ఆ నియామకాలు పాఠశాలలవారీగా పంచినప్పుడు పిల్లల సంఖ్య ఎక్కువగా ఉన్న పట్టణ బడులకే మొదట చేరడం సహజం. ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లో ఒకే బడిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలు ఉండవచ్చు. కొల్లేటి లంకలో ఒక బడికి అటువంటివారు ఒకరో ఇద్దరో. పదిమందికి ఒకరన్న నిష్పత్తిలో ఆ ఒక్క పిల్లవాడికి ఉపాధ్యాయునిలో పదోవంతు దక్కుతాడు. ఆ పదోవంతు నాలుగైదు లంకలకు కలిపి ఒక మనిషిగా, వారంలో ఏ రోజు ఏ ఊరన్నది ముందే చెప్పే పట్టికతో, నీరు ఎక్కిన వారాల్లో తప్పిన రోజులను తరువాత పూరించే ఏర్పాటుతో వస్తే తల్లి ఆ పట్టికను చేతపట్టుకొని అడగగలుగుతుంది. 2016 చట్టం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలని 23వ సెక్షన్‌లో చెప్పింది. మండలంలో ఆ అధికారి ఎవరన్నది లంకగ్రామాల బడి గోడలమీద, సదరం శిబిరం తేదీల పక్కన రాసిపెట్టడానికి కొత్త చట్టమేదీ అక్కరలేదు.